డాస్ యంత్రం కోసం విప్పిన పాత పెంటియం: ఏది పనికొచ్చింది, ఏది రాలేదు

విండోస్‌కు ముందరి డాస్ కాలం నాటి ఆటలూ ప్రోగ్రాములూ ఎమ్యులేటర్‌లో (పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాములో) కాక అసలు యంత్రం మీదే నడవాలని కోరుకునేవారికి రెండు దారులున్నాయి. పరీక్షించి అమ్మేవారి దగ్గర ఒక్కొక్క భాగాన్నీ విడిగా కొని, అవసరమైతే విదేశాల నుంచి తెప్పించుకోవడం మొదటిది. ఇందులో నమ్మకం ఎక్కువ, ఖర్చు అంతకంటే ఎక్కువ. ఊళ్లోనే ఒక పాత కంప్యూటర్‌ను మొత్తంగా కొని, విప్పి, పనికొచ్చే భాగాలు తీసుకుని మిగిలినది వదిలించుకోవడం రెండోది. ఇక్కడ సమీక్షిస్తున్నది ఆ రెండో దారిలో కొన్న సరుకును: 1997-98 ప్రాంతంలో హైదరాబాద్‌లో అసెంబుల్ చేసిన, ఇంటెల్ పెంటియం ఎంఎంఎక్స్ ప్రాసెసర్ ఉన్న టవర్ క్యాబినెట్. అమ్మినది సికింద్రాబాద్‌లో పాత కంప్యూటర్లు కొని అమ్మే ఒక చిన్న దుకాణం. దాని పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్క దుకాణానివి కావు, దాదాపు ఆ వ్యాపారం మొత్తానివి.

ముందే తేల్చి చెప్పాలంటే, పెట్టిన డబ్బుకు ఈ డబ్బా గిట్టుబాటైంది. అయితే గిట్టుబాటు అయినది అమ్మినవారు విలువైనదనుకున్న భాగం వల్ల కాదు, తూకంలో పడేసిన భాగాల వల్ల. పాత కంప్యూటర్ల బజారులో ధర నిర్ణయించేది వస్తువు చేసే పని కాదు, దానిలో ఉన్న బంగారం. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏది అడగాలో, దేనికి బేరమాడాలో, దేన్ని వదిలేయాలో సగం తెలిసినట్టే.

డాస్ యంత్రానికి ఈ తరమే ఎందుకు అన్నది ముందుగా చెప్పుకోవాలి. 1997 జనవరిలో వచ్చిన పెంటియం ఎంఎంఎక్స్ 166, 200 మెగాహెర్ట్జ్ వేగాల్లో మొదలై, ఆ ఏడాది మధ్యలో 233 వరకు వెళ్లింది. 1993 నాటి డూమ్ మొదలుకొని డాస్ మీద వచ్చిన చివరి తరం ఆటల వరకు దాదాపు అన్నిటికీ ఈ వేగం సరిపోతుంది. అంతకంటే ముఖ్యమైన సుగుణం ఏమిటంటే, దీన్ని కావలసినంత నెమ్మదింపజేయవచ్చు. సెట్‌మల్ అనే చిన్న డాస్ ప్రోగ్రాముతో ప్రాసెసర్ లోపలి క్యాష్‌ను (డేటాను దగ్గరగా ఉంచే వేగపు మెమరీని), బ్రాంచ్ ప్రిడిక్షన్‌ను (తర్వాత నడవాల్సిన ఆదేశాలను ముందే ఊహించే ఏర్పాటును) విడివిడిగా ఆపేయవచ్చు. క్యాష్ పూర్తిగా ఆపితే వేగం ఇంచుమించు పాత 386 ప్రాసెసర్ స్థాయికి పడిపోతుంది. మన కంప్యూటర్ ల్యాబుల్లో ఒక తరం మొత్తం దొంగచాటుగా ఆడిన డేవ్, ప్రిన్స్ వంటి ఆటలకూ, యంత్రం వేగాన్ని బట్టే పరుగెత్తే ఇంకా పాత ఆటలకూ ఒకే యంత్రం చాలుతుంది. దీని తర్వాత వచ్చిన పెంటియం 2కు ఈ వెసులుబాటు ఇంతగా లేదు. పైగా టర్బో పాస్కల్ అనే భాషలో రాసిన చాలా ప్రోగ్రాములు అంత వేగం మీద మొదలు కాకుండానే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’ అని ఆగిపోతాయి. ఇంకా ముందుకు, 1999 తర్వాతి బోర్డుల దగ్గరకు వెళితే నాసిరకం కెపాసిటర్లు ఉబ్బి కారిపోయిన కాలం మొదలవుతుంది. అందువల్ల 1997, 98 నాటి డబ్బా దొరికితే వదలకూడదన్నది నా అభిప్రాయం.

ఇక దుకాణం సంగతి. అక్కడ సరుకు మూడు రకాలుగా విడదీసి ఉంటుంది: నడుస్తున్నవి, నడుస్తాయో లేదో తెలియనివి, తుక్కు. మొదటి రకంలో పది, పన్నెండేళ్ల లోపు యంత్రాలే తప్ప మనకు కావలసిన కాలానివి ఉండవు. అవి రెండో, మూడో గుట్టల్లోనే ఉంటాయి. నేను అడిగిన క్యాబినెట్‌ను కిందికి దించి, పక్క రేకు తీసి చూపిస్తూనే దుకాణదారు చెప్పిన మొదటి మాట: “సార్, ప్రాసెసర్ కావాలంటే దాని రేటు వేరే. మిగిలిందంతా కిలో లెక్క.” ఆ మాటలోనే వ్యాపారం గుట్టంతా ఉంది. సిరామిక్ పలక మీద కట్టిన పాత పెంటియంలలో పిన్నుల మీదా లోపలా బంగారం పూత ఎక్కువ; వాటిని ఏరుకుని కొనేవారు వేరే ఉన్నారు. కాబట్టి 1994 నాటి సిరామిక్ పెంటియం 90, మన పనికి ఏమాత్రం ప్రత్యేకత లేనిదైనా, ఎక్కువ ధర పలుకుతుంది. ఎంఎంఎక్స్ ప్రాసెసర్లు సిరామిక్‌లోనూ వచ్చాయి, నల్లని లోహపు పలక ఉన్న ప్లాస్టిక్ ప్యాకేజీలోనూ వచ్చాయి. రెండూ ఒకే పని చేస్తాయి, రెండింటికీ 296 పిన్నులే. కానీ ప్లాస్టిక్ దాన్ని బంగారం కోసం కొనేవారు చిన్నచూపు చూస్తారు, కనుక చౌకగా వస్తుంది. నాకు దొరికినది ప్లాస్టిక్‌ది, 200 మెగాహెర్ట్జ్‌ది. అది నా అదృష్టమే అనాలి.

సౌండ్ కార్డు, డిస్‌ప్లే కార్డు, కేబుళ్లు, ఫ్లాపీ డ్రైవు, ఎస్‌ఎంపీఎస్ (భాగాలకు కరెంటు అందించే పెట్టె), క్యాబినెట్ అన్నీ కిలో లెక్కలోకే వచ్చాయి. ఇదే సౌండ్ కార్డును విదేశీ అమ్మకందారు దగ్గర కొంటే తపాలా ఖర్చే ఈ మొత్తం డబ్బా ధరను మించుతుంది. బేరం ఆడేటప్పుడు కార్డులను ఒక్కొక్కటీ పైకి తీసి తనివితీరా చూడడం మాత్రం మంచిది కాదు. కొనేవాడి కళ్లలో మెరుపు కనిపించిన భాగానికి రేటు అప్పటికప్పుడే పుడుతుంది.

ఇలాంటి చోట కరెంటు పెట్టి చూపించమని అడిగినా ఉపయోగం ఉండదు. అడగకపోవడమే మేలు కూడా. ఏళ్ల తరబడి మూలన పడిన ఎస్‌ఎంపీఎస్‌కు తనిఖీ లేకుండా 230 వోల్టులు ఇస్తే, అప్పటిదాకా బాగున్న బోర్డు కూడా దానితోపాటు పోయే ప్రమాదం ఉంది. దుకాణంలో కంటితో చూడవలసినవి కొన్నే. మదర్‌బోర్డు మీద పీపా ఆకారంలో నీలిరంగు బ్యాటరీ ఉంటే అది 386, 486 కాలపు నికెల్ కాడ్మియం బ్యాటరీ. అందులోంచి కారిన క్షారం చుట్టుపక్కల రాగి గీతలను తినేసి ఉంటుంది, పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుని కనిపిస్తుంది. అటువంటి బోర్డును బాగుచేసే ఓపిక ఉన్నవారే తీసుకోవాలి. పెంటియం బోర్డుల్లో చాలావరకు నాణెం ఆకారపు సీఆర్ 2032 గానీ, నల్లని దిమ్మె లోపల బ్యాటరీ దాచిన గడియారపు చిప్ గానీ ఉంటాయి, రెండూ కారవు. ఐసా స్లాట్లలో (కార్డులు గుచ్చే పాత రకం స్లాట్లలో) కార్డులు బలవంతంగా పీకిన గుర్తులు, విరిగిన ప్రాసెసర్ సాకెట్ మీట, కెపాసిటర్ల పైభాగంలో ఉబ్బు, ఇవి చూస్తే చాలు. పై దుమ్ము ఎంత ఉందన్నది లెక్కలోకి తీసుకోకూడదు. పైకి శుభ్రంగా తుడిచిన డబ్బా కంటే దుమ్ముతో నిండినదే నమ్మదగినది, ఎందుకంటే దాన్ని ఇటీవల ఎవరూ విప్పలేదన్నమాట.

నా డబ్బాను బహుశా పుట్టాక ఎవరూ విప్పలేదు. బయటి వైపు ప్రింటర్ పోర్టు పక్కన ఖాళీ స్లాట్ సందులోంచి కుమ్మరి పురుగు లోపలికి దూరి, పీసీఐ (ఐసా తర్వాత వచ్చిన రకం) స్లాటు చివర మట్టితో గూడు కట్టింది. దాన్ని పొడిగా ఉన్నప్పుడు గీకితే మట్టి స్లాటు లోపలి పలుచని పట్టీల మధ్య పడుతుంది. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో పెళ్లలుగా పైకి తీసి, చివరికి బ్లోయర్‌తో ఊదాను. లోపలి పట్టీల మీద మట్టి మరక మిగిలింది గానీ తుప్పు లేదు. కార్డుల అంచుల్లోని బంగారు పట్టీలకు పెన్సిల్ రబ్బరు చాలు. రుద్దేటప్పుడు కార్డు అంచు పొడవునా కాక, పట్టీ దిశలోనే బయటికి రుద్దాలి, లేకపోతే పలుచని పూత అంచు లేచిపోతుంది.

మదర్‌బోర్డు ఇంటెల్ 430 టీఎక్స్ చిప్‌సెట్‌ (ప్రాసెసర్‌ను మిగిలిన భాగాలతో కలిపే చిప్‌లు) ఉన్నది. ఇది 1997లో వచ్చింది. ఐసా, పీసీఐ స్లాట్లు రెండూ, ర్యామ్ పలకలు పెట్టే 72 పిన్నుల సిమ్ సాకెట్లూ, 168 పిన్నుల డిమ్ సాకెట్లూ ఒకే బోర్డు మీద ఉండడం దీని ఆకర్షణ. ఎంఎంఎక్స్ ప్రాసెసర్‌కు లోపలి భాగానికి 2.8 వోల్టులు, బయటి సంకేతాలకు 3.3 వోల్టులు విడివిడిగా కావాలి. అంతకు ముందరి మామూలు పెంటియంకు ఒకటే వోల్టేజీ. కాబట్టి ప్రాసెసర్ మార్చదలచినవారు జంపర్లు (బోర్డు మీది పిన్నులను కలిపి సెట్టింగు మార్చే చిన్న తొడుగులు) ముందే సరిచూసుకోవాలి. ఈ బోర్డు మీద ఆ పట్టిక తెల్లని అక్షరాలతో అచ్చువేసి ఉంది, మాన్యువల్ కోసం వెతకనక్కర్లేకపోయింది. ఒక చిన్న ముచ్చట: 233 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ పెట్టేవారు 3.5 గుణకం (బోర్డు వేగానికి ప్రాసెసర్ వేగం ఎన్ని రెట్లో చెప్పే అంకె) కోసం వెతికితే పాత బోర్డుల మీద కనిపించదు, 1.5 గుణకపు జంపర్ పెడితే ఆ ప్రాసెసర్ దాన్నే 3.5గా తీసుకుంటుంది.

ర్యామ్ విషయంలో ఆశపడి ఎక్కువ పెట్టడం ఈ బోర్డుకు పనికిరాదు. 430 టీఎక్స్ మొదటి 64 మెగాబైట్లకే రెండో అంచె క్యాష్‌ను వర్తింపజేస్తుంది. అంతకు మించి పెడితే ఆ పై భాగం క్యాష్ లేకుండా నడుస్తుంది, విండోస్ 98 వంటివి ఆ పై భాగాన్నే ముందుగా వాడుకోవడం వల్ల యంత్రం వేగం పెరగకపోగా తగ్గుతుంది. డాస్‌కు 32 మెగాబైట్లు చాలు. డబ్బాలో 16 మెగాబైట్ల, ఎడో అనే రకం సిమ్‌లు రెండు ఉన్నాయి. పెంటియం డేటా బస్సు 64 బిట్లది కనుక 32 బిట్ల సిమ్‌లను ఎప్పుడూ జతగానే పెట్టాలి. వాటినే ఉంచేశాను.

మదర్‌బోర్డుకు ఉన్న ఒకే జబ్బు గడియారపు చిప్. నల్లని దిమ్మెలో లిథియం బ్యాటరీ దాచి పోతపోసిన డీఎస్ 12887 రకం చిప్ ఇది. పదేళ్లకు పైగా నడవాలని తయారు చేసినది పాతికేళ్ల తర్వాత ఆగిపోతే దాన్ని తప్పు పట్టలేం. లక్షణం తెలిసినదే: ప్రతిసారీ సీమాస్ (సెట్టింగులు దాచుకునే మెమరీ) చెక్‌సమ్ తప్పని చెబుతుంది, హార్డ్ డిస్క్ వివరాలు మరిచిపోతుంది. కొత్త చిప్ తెప్పించవచ్చు గానీ పాత నిల్వ సరుకైతే దాని బ్యాటరీ కూడా అప్పటికే పోయి ఉండవచ్చు. నేను చాలామంది చేసే పనే చేశాను. దిమ్మె పక్క భాగాన్ని చిన్న ఆకురాయితో నెమ్మదిగా అరగదీస్తే లోపలికి వంచిన 16, 20 నంబర్ల పిన్నులు బయటపడతాయి. 20 ధన ధ్రువం, 16 ఋణ ధ్రువం. లోపలి బ్యాటరీకి వెళ్లే తీగను తెంచి, ఆ రెండింటికీ రెండు సన్నని తీగలు అతికి, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న సీఆర్ 2032 హోల్డర్‌ను వాటి చివర బిగించాను. అరగదీసేటప్పుడు పడే నల్లని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, గుడ్డ కట్టుకోవాలి. ఈ పని చేతకానివారు సీఆర్ 2032 నేరుగా ఉన్న బోర్డునే వెతుక్కోవడం ఉత్తమం.

ఇక ఈ డబ్బాలో అసలు నిధి సౌండ్ కార్డు: క్రియేటివ్ సంస్థవారి సౌండ్ బ్లాస్టర్ 16, ఐసా రకం. ఈ శ్రేణి 1992లో మొదలై ఎన్నో నమూనాల్లో వచ్చింది. పేరు ఒకటే అయినా లోపలి సరుకు ఒకటి కాదు. కొనేవారు చూడవలసింది పెట్టె మీది పేరు కాదు, కార్డు మీది చిప్‌లు. యమహా తయారుచేసిన వైఎంఎఫ్ 262, అంటే ఓపీఎల్ 3 అని పిలిచే చిప్, దాని పక్కన అంకెలను ధ్వని సంకేతంగా మార్చే చిన్న డ్యాక్ చిప్ కనిపిస్తే అది అసలైన ఎఫ్‌ఎం సంగీతం, అంటే రికార్డు చేసినది కాక చిప్ తానే పుట్టించే సంగీతం. ఖర్చు తగ్గించుకోవడానికి తర్వాతి కార్డుల్లో చాలావాటిలో యమహా చిప్‌కు బదులు క్రియేటివ్ తన సొంత సీక్యూఎం పద్ధతిని పెట్టింది. 1996లో ఖరీదైన కార్డుగా వచ్చిన ఏడబ్ల్యూఈ 64లోనూ ఉన్నది ఇదే. ఒకే మోడల్ నంబరు, సీటీ 2940, మీద కూడా రెండు రకాలూ వచ్చాయి. దుకాణంలో ఈ తేడాను అమ్మేవారు పట్టించుకోరు, పట్టించుకునే అవసరం వారికి లేదు. రెండింటి బరువూ ఒకటే.

ఈ తేడా చెవికి ఎంత తెలుస్తుందన్నది అడగదగిన ప్రశ్నే. ఓపీఎల్ 3లో రెండేసి ఆపరేటర్లతో (ధ్వని తరంగాన్ని పుట్టించే భాగాలతో) పద్దెనిమిది స్వరాలు ఒకేసారి పలుకుతాయి, అవసరమైతే వాటిలో కొన్నిటిని కలిపి ఆరు వరకు నాలుగు ఆపరేటర్ల స్వరాలు చేసుకోవచ్చు. దీనికి ముందరి ఓపీఎల్ 2లో తొమ్మిదే. ఆనాటి సంగీత రచయితలు ఈ చిప్‌కు తగ్గట్టే స్వరాలను చెక్కుకున్నారు. డ్రమ్ము దెబ్బ చివర్లో వచ్చే లోహపు గలగల, కింది స్థాయి బేస్ గరుకుదనం ఈ చిప్‌కే పుట్టిన గుణాలు. సీక్యూఎం మీద అదే పాట వింటే స్వరాలన్నీ సరిగ్గానే ఉంటాయి గానీ పైస్థాయిలో గంట మోగినట్టు ఒక అదనపు ధ్వని చేరుతుంది. ఒకసారి విన్నవారికి ఆ తర్వాత అది వినబడకుండా ఉండదు. డూమ్ తొలి అంకం సంగీతాన్ని రెండు కార్డుల మీదా వరసగా పెట్టి విన్నప్పుడు, ఈ విషయాల మీద ఏమాత్రం ఆసక్తి లేని మా ఇంట్లోవారు కూడా ఏది ఏదో కళ్లు మూసుకుని చెప్పగలిగారు.

నాకు వచ్చిన కార్డులో యమహా చిప్ ఉంది. అమర్చడం కష్టం కాలేదు. ఆటోఎక్సెక్ ఫైలులో బ్లాస్టర్ అనే పేరుతో ఏ220 ఐ5 డీ1 హెచ్5 టీ6 అన్న వరస రాస్తే ఆటలు దాన్ని గుర్తుపడతాయి. అంటే పోర్టు 220, ఇంటరప్ట్ 5, ఎనిమిది బిట్ల ధ్వనికి డీఎంఏ 1, పదహారు బిట్లకు 5. ప్లగ్ అండ్ ప్లే కార్డులకు అదనంగా ఒక చిన్న ప్రోగ్రాము నడపాలి, జంపర్లున్న పాత కార్డులకు ఆ బెడద లేదు. కార్డు వెనక భాగంలోని చిన్న యాంప్లిఫయర్‌ను దాటవేసే జంపర్ కొన్ని నమూనాల్లో ఉంటుంది. దాన్ని లైన్ అవుట్ వైపు మారిస్తే స్పీకర్లలో వినిపించే సన్నని సొద చాలావరకు పోతుంది. మిగిలినది పాత కెపాసిటర్ల వల్ల, వాటిని మార్చితే తగ్గుతుంది. ఒక లోపం మాత్రం తెలిసి కొనాలి. ఈ శ్రేణిలో డీఎస్‌పీ (కార్డు మీది ధ్వని చిప్) 4.11 వంటి కొన్ని వెర్షన్ల కార్డులకు బయటి మిడి పరికరం (కంప్యూటర్ పంపే స్వరాల ఆదేశాలను వాయించేది) తగిలిస్తే, ఒక్కోసారి ఒక స్వరం ఆగకుండా అలాగే మోగుతూ ఉండిపోతుంది, 4.05కు ఆ జబ్బు లేదు. రోలాండ్ వంటి మిడి పరికరం లేనివారికి దీనితో నిమిత్తం లేదు. క్రియేటివ్ కార్డే కావాలన్న పట్టుదల లేనివారు యమహా వారి సొంత వైఎంఎఫ్ 718, 719 చిప్‌ల కార్డులను గానీ, ఈఎస్‌ఎస్ 1868 కార్డును గానీ కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. పేరు లేదు కాబట్టి అవి తుక్కులో మరీ అడుగున ఉంటాయి.

డిస్‌ప్లే కార్డు గురించి చెప్పడానికి ఎక్కువ లేదు, అదే దాని గొప్పతనం. ఎస్3 ట్రయో 64 వీ ప్లస్, పీసీఐ రకం, ఒక మెగాబైటు అతికినది, మరో మెగాబైటుకు ఖాళీ సాకెట్లు. డాస్ ఆటలతో దీనికి పేచీలు చాలా తక్కువ, బొమ్మ స్పష్టంగా ఉంది. 3డీ కావాలనుకునేవారు వేరే కార్డు చూసుకోవాలి.

హార్డ్ డిస్క్ 2.1 గిగాబైట్లది. అది తిరిగింది, కానీ బేరింగు మోత గది అంతా వినిపించింది. దాన్ని వాడే ఉద్దేశం నాకు ముందు నుంచీ లేదు. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డును (పాత కెమెరాల మెమరీ కార్డు) ఐడీఈ, అంటే హార్డ్ డిస్క్ తగిలించే కనెక్టర్‌కు సరిపోయే అడాప్టర్ మీద పెడితే అది హార్డ్ డిస్క్‌లాగే పనిచేస్తుంది, మోత ఉండదు, ఫైళ్లు ఎక్కించడం తేలిక. డాస్ 6.22 ఒక భాగానికి 2 గిగాబైట్లే ఇస్తుంది, పాత బయాస్‌లు (యంత్రాన్ని మొదలుపెట్టే బోర్డు మీది ప్రోగ్రాములు) చాలావరకు 8.4 గిగాబైట్ల పైన తడబడతాయి, కాబట్టి 4 గిగాబైట్ల కార్డు సరిపోతుంది. అయితే ఆ పాత డిస్క్‌లో ఉన్నవి చూసినప్పుడు ఆ యంత్రం పూర్వాశ్రమం తెలిసింది. అదొక డీటీపీ సెంటర్‌లో పనిచేసింది. పేజ్‌మేకర్ ఫైళ్లు, అను అనే తెలుగు ఫాంట్లు, వందలకొద్దీ పెళ్లి పత్రికలు, వాటిలో ఇంటి పేర్లు, ముహూర్తాలు, చిరునామాలు. పాత యంత్రం అమ్మేవారు డిస్క్ తుడిచి అమ్మాలన్న స్పృహ మన దగ్గర ఇంకా తక్కువే, కొనేవారైనా ఆ పని చేయాలి. నేను దాన్ని పూర్తిగా చెరిపేశాను.

ఇక్కడ ఒక పక్కదారి తప్పదు. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉన్నా, విండోస్‌లో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది 2001 నాటి ఎక్స్‌పీతో. అంతకు ముందు ఒక్కొక్క సంస్థ తన ఫాంటుకు తన సొంత సంకేతాలు పెట్టుకుంది. ఆ ఫైలు తెరవాలంటే ఆ సాఫ్ట్‌వేరే కావాలి, కొన్నిటికి ప్రింటర్ పోర్టుకు తగిలించే లాక్ కూడా కావాలి. పాతికేళ్ల కిందటి పుస్తకాల ఫైళ్లు చేతిలో ఉండి తెరుచుకోని ప్రచురణకర్తలకు, అసలైన ప్రింటర్ పోర్టు ఉన్న ఇలాంటి బోర్డు ఆటల కంటే పెద్ద అవసరమే తీరుస్తుంది. డాస్ కాలంలోనైతే ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి జిస్ట్ కార్డు ఉండేది. కంప్యూటర్‌లో స్లాటుకు దాన్ని బిగిస్తే డీబేస్, వర్డ్‌స్టార్ వంటి ఇంగ్లిషు ప్రోగ్రాముల్లోనే భారతీయ లిపులు తెర మీద కనిపించేవి. ప్రభుత్వ కార్యాలయాల పాత సామాను వేలంలో ఎవరికైనా అలాంటి కార్డు కనిపిస్తే కిలో లెక్కలో పోనివ్వవద్దని నా మనవి. ఇస్కీ అనే భారతీయ లిపుల సంకేతాలతో తెలుగు చూపిన ఆ కార్డు నడిచే యంత్రం మీద ఒకటి ఉండడం నాకు ఏ సౌండ్ బ్లాస్టర్ కంటే విలువైన సంగతి.

ఎస్‌ఎంపీఎస్ విషయంలో ఈ డబ్బాకు నేను తక్కువ మార్కులే వేస్తాను. ఇది పాత ఏటీ రకం. మదర్‌బోర్డుకు వెళ్లే పీ8, పీ9 అనే రెండు కనెక్టర్లను పక్కపక్కన పెట్టేటప్పుడు నల్ల తీగలు మధ్యలోకి రావాలి. తారుమారైతే బోర్డు కాలిపోతుంది. అంతకంటే ప్రమాదకరమైన విషయం, ముందు వైపు బటన్‌కు వచ్చే లావు తీగల్లో ఇంటి కరెంటే నేరుగా ఉంటుంది. ఏటీ తర్వాత వచ్చిన ఏటీఎక్స్ యంత్రాల్లోలాగా అది చిన్న సంకేతపు తీగ కాదు. కొత్త తరం వారు అలవాటు కొద్దీ ప్లగ్గు తీయకుండా క్యాబినెట్ విప్పితే ప్రాణాపాయమే. దాని లోపలి పెద్ద కెపాసిటర్లు ఆపిన తర్వాత కూడా కొంతసేపు ప్రమాదకరమైన వోల్టేజీని పట్టి ఉంచుతాయి. మూత విప్పే అలవాటు లేనివారు విప్పకూడదు. భారం లేకుండా పెడితే చాలా పాత ఎస్‌ఎంపీఎస్‌లు మొదలు కావు, కాబట్టి ఆ మోత చేసే హార్డ్ డిస్క్‌నే భారంగా తగిలించి మల్టీమీటర్‌తో చూశాను: 5 వోల్టుల తీగ సరిగ్గా ఉంది, 12 వోల్టులది ఊగిసలాడుతోంది. దాన్ని వాడలేదు. ఏటీఎక్స్ ఎస్‌ఎంపీఎస్‌కు అడాప్టర్ తగిలించాను. ఇలా చేసేవారు గమనించవలసినది, ఇప్పటి ఎస్‌ఎంపీఎస్‌లలో మైనస్ 5 వోల్టుల తీగ ఉండదు. కొన్ని పాత ఐసా కార్డులకు అది కావాలి. నా కార్డుకు అవసరం పడలేదు.

ఫ్లాపీ డ్రైవు తలను ఆల్కహాల్‌తో తుడవగానే చదివింది. క్యాబినెట్ ప్లాస్టిక్ ముఖం ఎండకు కాలినట్టు పసుపుబారింది; హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెట్టి తెల్లబరిచే పద్ధతి ఉంది గానీ, మళ్లీ పసుపు తిరుగుతుందనేవారు ఎక్కువ, నేను ఆ జోలికి పోలేదు. రేకు అంచులు మాత్రం బ్లేడులా ఉన్నాయి, చేతికి తొడుగు లేకుండా విప్పకూడదు.

ఖర్చు లెక్కకు వస్తే, తూకం మీద వచ్చినదానికి దాదాపు పద్దెనిమిది వందల రూపాయలు, ప్రాసెసర్‌కు విడిగా నాలుగు వందలు పడ్డాయి. కాంపాక్ట్ ఫ్లాష్ కార్డు, అడాప్టర్లు, బ్యాటరీ హోల్డర్ కలిపితే ఇంకో పదిహేను వందలు. మోసపోయిన భావన కలగలేదు. అయితే దుకాణం సేవ గురించి ఫిర్యాదు ఒకటుంది: రెండో అంచె క్యాష్ కోసం బోర్డు మీద ఉన్న సాకెట్‌లోని అదనపు మాడ్యూల్‌ను, నేను డబ్బు ఇచ్చి బండి తెచ్చుకునే లోపు ఎవరో తీసేశారు. దాని అంచుల్లో బంగారు పట్టీలు ఉంటాయి కనుక కారణం ఊహించడం కష్టం కాదు. అడిగితే మొదటి నుంచీ లేదన్నారు. బోర్డు మీద శాశ్వతంగా అతికిన 256 కిలోబైట్ల క్యాష్ ఎలాగూ ఉంది కాబట్టి యంత్రం నడకకు లోటు లేదు, కానీ బేరం కుదిరిన వెంటనే లోపలి భాగాలకు ఫోటోలు తీసుకుని, రేకు బిగించి, కళ్ల ముందే ఉంచుకోవాలి.

సాల్డరింగ్ ఐరన్ పట్టడం, మల్టీమీటర్ చదవడం వచ్చి, ఒకటి రెండు భాగాలు పాడైనా బెంగపడనివారికి ఈ దారిని సిఫారసు చేస్తాను. పెట్టె విప్పగానే ఆట ఆడాలనుకునేవారు ఎక్కువ డబ్బు పెట్టి పరీక్షించిన భాగాలే కొనుక్కోవడం మంచిది. మిగిలిపోయిన ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్క్, ఖాళీ బ్రాకెట్లను ఆ దుకాణమే కిలో లెక్కన వెనక్కి తీసుకుంటానంది. తీసుకుని ఎక్కడికి పంపుతారో అడిగితే సమాధానం రాలేదు. బోర్డులను ఆసిడ్‌లో ముంచి బంగారం తీసే చోట్లకు అవి చేరడం నాకు ఇష్టం లేకపోయింది. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్లు హైదరాబాద్‌లో ఉన్నారు. వారిచ్చేది తక్కువే, అయినా మిగిలిన సామాను అక్కడికే పంపాను.